కుక్క మొహంలో కనిపించేది పశ్చాత్తాపమా, భయమా?

సోఫా బాధితుడు:
ఇంట్లో రెండు పార్టీలుగా చీలిపోయాం, తీర్పు మీరే చెప్పాలి. మేం బయటికెళ్ళి వచ్చేసరికి మా కుక్క దిండు చింపి దూదంతా హాలు నిండా పరిచింది. తలుపు తియ్యగానే చెవులు వెనక్కి వాల్చి, తోక కాళ్ళ మధ్య దోపుకుని, మొహం పక్కకి తిప్పి ఓరకంట ఒక చూపు. మూతికి దూది ముక్క అంటుకునే ఉంది. మా ఆవిడ వెంటనే కరిగిపోయి "పాపం, తప్పు తెలుసుకుంది, ఏమీ అనకండి" అంటుంది. దానికి తెలిసింది తప్పు కాదు, నా గొంతు అని నేనంటాను. నిజంగా తప్పు చేశానన్న సంగతి కుక్కకి తెలుస్తుందా?

నాలుగు కాళ్ళ పక్షం:
ఎందుకు తెలియదండీ? మాది బుద్ధిగా ఉన్న రోజు గుమ్మం దగ్గరికి ఎగురుకుంటూ వస్తుంది, ఏదో ఒకటి చింపిన రోజు మంచం కింద నుంచి బయటికి రాదు. నేనింకా లోపల అడుగే పెట్టలేదు, ఏం జరిగిందో నాకే తెలియదు, ఇక తిట్టడం ఎక్కడిది? మరి ముందే ఎందుకు దాక్కుంది? దీనికి జవాబు చెప్పి మాట్లాడండి. మా పెద్దాడి కంటే అదే నయం, వాడు పగిలిన గ్లాసు ముక్కల మధ్యలో నిలబడి "ఏ గ్లాసు?" అని నన్నే అడుగుతాడు.

రాత్రి డ్యూటీ:
దీని మీద పరీక్షలు జరిగాయండీ, చెప్తాను. అమెరికాలో అలెగ్జాండ్రా హొరొవిట్జ్ అనే పరిశోధకురాలు 14 పెంపుడు కుక్కలతో చేసిన ప్రయోగం 2009లో అచ్చయింది. యజమాని కుక్క ముందు తినేది పెట్టి, ముట్టుకోవద్దని చెప్పి గదిలోంచి వెళ్ళిపోవాలి. తిరిగొచ్చాక అది తిన్నదో లేదో పరిశోధకులు చెప్తారు, కాకపోతే కొన్నిసార్లు కావాలనే అబద్ధం చెప్తారు. తిన్నదంటే తిట్టాలి. తేలిందేమిటంటే ఆ దొంగ మొహం తిన్నదా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు, యజమాని తిట్టాడా లేదా అన్నదాన్ని బట్టి వచ్చింది. అంతకన్నా తమాషా, ఏ పాపం ఎరగకుండా తిట్లు తిన్న కుక్కల మొహాలే ఇంకా ఎక్కువ దీనంగా ఉన్నాయట. ఇంట్లో ఎవరు ఏం విరగ్గొట్టినా మొదట తన పేరే వినబడే ప్రతి చిన్న కొడుక్కీ ఈ సంగతి ప్రయోగం లేకుండానే తెలుసు.

ఇక మంచం కింద దాక్కోవడం. పీటర్ వోల్మర్ అనే ఆయన 1977లోనే దీని సంగతి చూశారు. కుక్క అక్కడ లేనప్పుడు యజమానితోనే కాగితాలు చింపించి నేల మీద పడేయించారు. యజమాని బయటికెళ్ళి తిరిగొచ్చేసరికి, ఏమీ చెయ్యని ఆ కుక్క మొహం మాత్రం నేనే చేశానన్నట్టు ఉంది! అంటే దాని లెక్క చాలా సింపుల్: నేల మీద చెత్త ఉంది, యజమాని వస్తున్నాడు, ఇక నాకు మూడింది. ఎవరు చింపారన్నది ఆ లెక్కలోకే రాదు. మీ కుక్క మంచం కింద చేసే ఆలోచన కూడా ఇదే అయ్యుంటుంది.

మనం కరిగిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. కనుబొమ్మ లోపలి కొనని పైకెత్తే కండరం కుక్కలకి బాగా ఉంటుందనీ, తోడేళ్ళకి అది పీలగా, సరిగ్గా లేదనీ 2019లో ఒక పరిశోధన చెప్పింది. అది పైకెత్తితే కళ్ళు పెద్దవై చంటిపిల్లాడి చూపులా కనబడుతుంది. మనుషుల దగ్గర కనీసం 15 వేల ఏళ్ళుగా బతుకుతున్న జంతువు, ఆ మాత్రం ఆయుధం లేకుండా ఉంటుందా?

పిల్లి ఇంట్లో అద్దెకున్నాను:
ఈ గొడవే మాకు లేదు. మాది నా కళ్ళలోకి సూటిగా చూస్తూ, టేబుల్ మీది పెన్నుని కాలితో అంగుళం అంగుళం అంచుకి జరిపి తోసేస్తుంది, పడ్డాక అది ఎక్కడ పడిందో వంగి చూసుకుంటుంది కూడా. తిడితే కాలు నాక్కోవడం మొదలుపెడుతుంది. చివరికి పెన్ను అక్కడ పెట్టినందుకు నేనే సంజాయిషీ చెప్పుకుంటాను.

నాలుగు కాళ్ళ పక్షం:
ప్రయోగాలు బాగానే ఉన్నాయి, కానీ అవి చెప్పేది ఆ మొహాన్ని సాక్ష్యంగా నమ్మొద్దని మాత్రమే. లోపల ఏ బాధా లేదని అవెక్కడ చెప్పాయి? మొహం చూసి మనసు చెప్పలేమన్నప్పుడు, తప్పు తెలియదని మాత్రం మీరెలా తేల్చేస్తారు?

రాత్రి డ్యూటీ:
ఆ మాట నిజం, అక్కడ మీతో పేచీ లేదు. నేననేది ఇంతే, ఆ మొహం చూసి "తెలిసే చేసింది" అని తీర్మానించి గంట తర్వాత తిట్టడం దండగ. ఎప్పుడో చింపిన దిండుకీ ఇప్పుడు పడుతున్న తిట్లకీ సంబంధం అది కలుపుకోలేదు, మీరు ఇంటికి రావడమంటేనే దానికి టెన్షన్ పట్టుకుంటుంది. దిండు అందకుండా పెట్టండి, నమలడానికి దానిదంటూ ఒకటి ఇవ్వండి, వెళ్ళే ముందు బాగా తిప్పి తీసుకురండి. ఇంకో విషయం, చింపడమంతా తలుపు దగ్గరో కిటికీ దగ్గరో జరుగుతూ, మీరు అడుగు బయట పెట్టగానే ఏడుపు మొదలైతే అది అల్లరి కాదు, ఒంటరిగా ఉండలేని బెంగ. అప్పుడు పశువైద్యుడికి చూపించాలి.

సోఫా బాధితుడు:
తలుపు దగ్గరేం లేదండీ, హాయిగా సోఫా మధ్యలో కూర్చుని చింపింది. ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. మొత్తం ఓపిగ్గా విని "సరే, కుక్కకి తెలియదు. దిండు అందేలా పెట్టి బెడ్‌రూమ్ తలుపు తీసి వెళ్ళింది ఎవరు?" అంది. ప్రస్తుతం కుక్క సోఫా మీద ఉంది, విచారణ నా మీద నడుస్తోంది.