థార్‌లో ఆకుల్లేని పొద: దిబ్బ మీదా ఉంది, గరుసు నేలలోనూ ఉంది, రెండూ ఒకటేనా?

ఎండదారి:
ఫిబ్రవరి ఆఖర్లో జైసల్మేర్ దగ్గర డెజర్ట్ నేషనల్ పార్క్ వైపు రెండు రోజులు తిరిగొచ్చి, ఇప్పుడు నోట్స్ ముందేసుకుని కూర్చున్నాను. ఇసుక దిబ్బ వాలు మీద నడుమెత్తు పొదలు. ఆకన్నది లేదు, అన్నీ పుల్లలే, పుల్లకి కణుపులు, ముదురు కొమ్మల బెరడు బూడిద తెలుపు. పొద మొదలు దగ్గర ఇసుక కుప్పగా పోగై కొమ్మలు సగం అందులోనే కూరుకుపోయాయి. అక్కణ్ణించి దిగి పది నిమిషాలు నడిస్తే గరుసు నేల. అక్కడా కణుపుల పుల్లల పొదలే, కాకపోతే పొట్టివి. రెండిటికీ మొక్క పేరు ఫోగ్ అనే రాసేసుకున్నా, ఇప్పుడు డౌట్ కొడుతోంది. నేలని బట్టి ఒకటే మొక్క ఇలా మారుతుందా? ఫోటోలు దాదాపు అన్నీ దూరం నుంచి తీసినవే, తిట్టకండి.

కణుపుల పిచ్చి:
తిట్టను గానీ రెండూ వేరే అయి ఉంటాయి. దిబ్బ మీదది ఫోగ్ (కాలిగోనమ్ పాలిగోనాయిడిస్), కిందది లాణా (హెలోక్సిలాన్ సాలికార్నికం) అనుకుంటున్నా. చూపుకి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి గానీ చుట్టరికమే లేదు, ఫోగ్‌ది చుక్కకూర కుటుంబం, లాణాది తోటకూర కుటుంబం. ఎండకి ఆకులు వదిలేసి పచ్చటి పుల్లలతోనే ఆహారం చేసుకోవడం రెండూ ఎవరికి వారే నేర్చుకున్నాయి.

తేడా అంతా కణుపులోనే ఉంది. చుక్కకూరలో కాడ కాండానికి అతుక్కునే చోట పల్చటి పొర తొడుగులా ఉంటుంది కదా, ఫోగ్ కణుపు దగ్గరా అలాంటిదే కనిపిస్తుంది, అక్కణ్ణించి సన్న పుల్లలు గుత్తిగా వస్తాయి. లాణాకి ఎదురెదురుగా జంటలుగా వస్తాయి, కణుపు చివర చిన్న గిన్నెలాంటి అంచు, లోపల దూదిలా నూగు. పైగా మీరు వెళ్ళింది ఫోగ్ పూతకొచ్చే కాలం. జూమ్ చేసి చూడండి, తెలుపూ లేత గులాబీ చుక్కల్లాంటి పూలు కనిపిస్తే ఇక వాదన అక్కర్లేదు, లాణా వర్షాకాలం పోయాక గానీ పూయదు.

తిన్నె మీద తీతువు:
పై ఆయన చెప్పింది కరెక్టే. ఒక్కటే చేరుస్తా, "దిబ్బ అయితే ఫోగ్, గరుసైతే లాణా" అని రూల్ పెట్టుకుంటే బోల్తా పడతారు, నేను పడ్డాను. మొక్క చూసేది నేలకి మనం పెట్టే పేరు కాదు, కాలికింద ఇసుక ఎంత మందాన ఉందో అది. గరుసు నేలలో కూడా గాలి ఇసుక తెచ్చి పోసిన చిన్న పాయ ఉంటే అందులో ఫోగ్ లేస్తుంది. ఇసుక మీదకొచ్చేకొద్దీ పూడిన కొమ్మలకే కొత్త వేర్లు పుట్టించుకుని పైకి పాకుతుంది, మీరు చూసిన కుప్ప అలా తయారైందే. లాణా గట్టి నేలనీ కాస్త చౌడునీ కూడా తట్టుకుంటుంది.

ఈసారి వెళ్తే పొద పేరు కంటే ముందు నేల రాసుకోండి, కర్రపుల్ల గుచ్చితే ఎంత లోతు దిగింది, కుప్ప ఎత్తెంత, ఇసుక ఏ వైపు తోకలా సాగింది, ఇవి. ఫోటోకి కణుపు పక్కన స్కేలు పెట్టండి. ఇంకో మాట, చీపురులా నిటారు పచ్చ పుల్లలుండి, విరిస్తే పాలు కాకుండా నీళ్ళలాంటి రసం వస్తే అది ఖీంప్, జిల్లేడు కుటుంబమే. కణుపుకి జంట ముళ్ళుంటే కేర్. ఆకుల్లేని పొదలన్నీ ఒకే సంచిలో వేయకండి.

ఎండదారి:
ఇద్దరికీ థాంక్స్ అండి. జూమ్ చేశాను, దిబ్బ మీదవాటికి గులాబీ చుక్కలున్నాయి. గరుసు నేలవి మొత్తం పదకొండు లెక్కపెట్టా, తొమ్మిదింటికి పువ్వు జాడే లేదు, పుల్లలు జంటలుగానే కనిపిస్తున్నాయి. మిగతా రెండూ పూతలో ఉన్నాయి, వాటి కింద బెత్తెడెత్తు ఇసుక పోగై ఉంది! అక్కడ నిలబడినప్పుడు ఇది కనబడనే లేదు. తొమ్మిదింటికి ఫోగ్ కొట్టేసి లాణా రాశా, పక్కన ప్రశ్నార్థకం మాత్రం ఉంచా, ఆ గిన్నె అంచు కనిపించే ఫోటో ఒక్కటీ లేదు మరి.