పాత సెస్నా 172, ఆటోపైలట్ లేదు: మబ్బుల్లో ఒక్కరే ఎలా నడుపుతున్నారు?

డెంటన్_172:
అందరికీ నమస్కారం. డాలస్ దగ్గర డెంటన్‌లో నడుపుతుంటాను, బయట ఏమీ కనబడకపోయినా మీటర్లు చూసి నడపడానికిచ్చే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ వచ్చి రెండు నెలలయింది. అద్దెకు తీసుకునేది 1975 నాటి సెస్నా 172 అనే చిన్న విమానం, అన్నీ పాత గుండ్రటి మీటర్లే. బయటికి చూపు పోకుండా తలకి హుడ్ పెట్టుకుని నేర్చుకున్నప్పుడు బాగానే ఉండేది. పోయిన వారం పొద్దున్నే, గల్ఫ్ తేమతో ఇక్కడ కమ్ముకునే మబ్బు ఉంది కదా, అందులోకి మొదటిసారి ఒక్కడినే వెళ్లాను. కంట్రోలర్ కొత్త రూట్ చదివాడు, మోకాలి మీది ప్యాడ్‌లో రాసుకుని తలెత్తేసరికి విమానం కుడివైపు 25 డిగ్రీలు వాలి ఉంది, 300 అడుగులు దిగిపోయాను. నాకైతే తిన్నగానే పోతున్నట్టుంది! సరిచేశాక ఎడమకి పడిపోతున్నట్టు అనిపించి చెమటలు పట్టాయి. ఇది నేర్చుకుంటే వచ్చేదేనా, లేక ఆటోపైలట్ లేకుండా మబ్బుల్లోకి పోకూడదా?

తీరం_సీఎఫ్ఐ:
మీకు జరిగింది అందరికీ జరిగేదే. నెమ్మదిగా మొదలైన వంపు లోపలి చెవికి తెలియదు, గబుక్కున సరిచేస్తే మాత్రం తెలుస్తుంది, అందుకే ఎడమకి పడుతున్నట్టనిపించింది. 1954లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో మీటర్లు మాత్రమే చూసి నడిపిన అనుభవం లేని 20 మందితో ప్రయోగం చేస్తే సగటున 178 సెకన్లలో అదుపు తప్పింది. మీరు తలెత్తగానే పట్టుకున్నారంటే చదువు పనిచేసినట్టే.

నా స్టూడెంట్లకు ముందు చెప్పేది ట్రిమ్, అంటే విమానం తనంతట తానే నిలకడగా పోయేలా సర్దడం. చెయ్యి తీసేసినా ముక్కు కదలనంతగా ట్రిమ్ చెయ్యనిదే పెన్ను పట్టుకోవద్దు. యోక్‌ను (విమానం స్టీరింగ్‌ను) పిడికిలి బిగించి పట్టుకుంటే, తల వంచినప్పుడు తెలియకుండానే అదీ తిరుగుతుంది, రెండు వేళ్లు చాలు. రెండు మూడు మాటలు రాయండి, తలెత్తండి, మళ్లీ రాయండి. తీరిక లేకపోతే ‘స్టాండ్‌బై’ అనండి, ఎవరూ ఏమీ అనుకోరు. మా కాలిఫోర్నియా తీరంలో మే, జూన్ పొద్దుల్లో పల్చటి సముద్రపు మబ్బు పరుచుకుంటుంది, పైకి దాటితే ఎండే. ఇన్‌స్ట్రక్టర్‌తో అలాంటి మబ్బులో పదిసార్లు పైకీ కిందకీ వెళ్లొస్తే ఆ టెన్షన్ సగం పోతుంది.

చెరోకీ_ఓనర్:
అన్నా, ట్రిమ్ సరే, పాత విమానంలో నాకు అంతకంటే భయం వాక్యూమ్ పంపు, అంటే గాలి లాగి కొన్ని మీటర్లను నడిపేది. డ్రై పంపు లోపల కార్బన్ రెక్కలుంటాయి, విరిగేముందు ఏ సూచనా ఇవ్వవు. పంపు ఆగినా మీటర్ లోపల తిరిగే చక్రం, అదే జైరో, వెంటనే ఆగదు, వేగం తగ్గుతూ కొంచెం కొంచెంగా ఒరుగుతుంది, మనం నమ్మి దాని వెంటే పోతాం. నాకు జరిగినప్పుడు అదృష్టం కొద్దీ మబ్బుల పైన ఉన్నాను. విమానం వంపు చూపే హొరైజన్ మీటర్ ఎడమ వంపు చూపిస్తోంది, మలుపు చూపే, కరెంటుతో తిరిగే టర్న్ కోఆర్డినేటర్‌లో చిన్న విమానం బొమ్మ మాత్రం తిన్నగా ఉంది, బయట చూస్తే అదే నిజం. అదే మబ్బులో ఉంటే ఏ మీటర్‌ను నమ్మేవాణ్నో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. అప్పట్నుంచి జేబులో స్టికీ నోట్లు ఉంటాయి, అబద్ధం చెప్పే మీటర్ మీద వెంటనే అంటించేస్తాను, లేకపోతే కన్ను మళ్లీ మళ్లీ అక్కడికే పోతుంది. తర్వాత బ్యాటరీ ఉన్న గార్మిన్ జీ5 అనే ఎలక్ట్రానిక్ మీటర్ పెట్టించాను. అది లేని విమానంలో పంపు ఎంత లాగుతోందో చూపే సక్షన్ గేజ్‌ను మిగతా మీటర్లతోపాటు చూస్తూనే ఉండాలి.

రాత్రి_వద్దు:
నేను కొంచెం వేరుగా చెప్తాను. అమెరికాలో చార్టర్ విమానాల్లో కో-పైలట్ లేకుండా ఐఎఫ్ఆర్‌లో (మీటర్లు చూసి నడిపే రూల్స్ కింద) ప్రయాణికులను తీసుకెళ్లాలంటే పనిచేసే ఆటోపైలట్ ఉండాల్సిందే. మనకి ఆ రూల్ లేదు, కానీ ఒక్కరికి ఆ పని ఎంత భారమో అందులోనే ఉంది. అలాగని ఆటోపైలట్ ఉంటే సరిపోతుందనీ కాదు, 1999లో జాన్ కెన్నెడీ జూనియర్ రాత్రి సముద్రం మీద విమానం ఎటు వాలుతోందో తెలియక కూలిపోయిన పైపర్ సరటోగాలో ఆటోపైలట్ ఉంది. పగలు, పల్చటి మబ్బు, కింద 1,000 అడుగులకు పైగా ఖాళీ ఉంటే వెళ్లండి. రాత్రి, సున్నా డిగ్రీల దగ్గర మబ్బులో మాత్రం వద్దే వద్దు, 172 రెక్కల మీద ఐస్ పడితే దులుపుకునే దారి లేదు.

డెంటన్_172:
అందరికీ థ్యాంక్స్. ఆదివారం ఇన్‌స్ట్రక్టర్‌తో వెళ్లాను. హొరైజన్, దిక్కు చూపే డీజీ రెండూ స్టికీ నోట్లతో కప్పేశాడు. రన్‌వే వరుస చూపే రేడియో సంకేతం పట్టుకుని దిగే లోకలైజర్ అప్రోచ్‌లో మొదటిసారి సూది చివరిదాకా పోయింది, మూడోసారికి సగం దాటలేదు. చెరోకీ అన్నా, మీరు చెప్పాక మొదటిసారి సక్షన్ గేజ్ సరిగ్గా చూశాను. 4.3 చూపిస్తోంది, పచ్చగీత కింద. మెకానిక్‌కి రాసిచ్చాను, అది తేలేదాకా ఆ విమానంతో మబ్బుల్లోకి వెళ్లను.