పాత తీర్పుతో కొట్టేసిన దావా: అప్పీలులో కొత్త తీర్పు వర్తిస్తుందా?

లా తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో వాటా కోసం మా అమ్మ దావా వేసింది. తాతయ్య 2003లో పోయారు. కూతుళ్లకూ ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చిన హిందూ వారసత్వ చట్ట సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబర్ 9 నాటికి తండ్రి బతికి ఉండాలన్న సుప్రీంకోర్టు ప్రకాష్ వర్సెస్ ఫూలవతి (2015) తీర్పు చూపించి కింది కోర్టు కొట్టేసింది. అప్పీలు ఇంకా నడుస్తోంది.

2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ ఆ ఇద్దరు జడ్జీల తీర్పు చెల్లదని చెప్పేసింది కదా. రాజ్యాంగం 141వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు చెప్పిందే అన్ని కోర్టులకూ చట్టం. అయినా మావయ్య తరఫు లాయరు "కేసు కొట్టేసిన రోజున అదే చట్టం" అంటున్నారు. వినడానికి బాగానే ఉంది గానీ, నాకు నమ్మకం కుదరట్లేదు.

అమ్మ పెళ్లి 1982లో అయింది, కాబట్టి అప్పటికి పెళ్లికాని కూతుళ్లకే వాటా ఇచ్చిన పాత ఆంధ్రప్రదేశ్ సవరణ (1986) మాకు పనికిరాదు. 2004 డిసెంబర్ 20కి ముందు జరిగిన రిజిస్టర్డ్ పంపకాలను 2005 సవరణ ముట్టుకోదు, కానీ మా కుటుంబంలో అలాంటివేవీ జరగలేదు.

పెండింగ్ అప్పీలుకు కొత్త తీర్పు వర్తిస్తుందా? అలా ఒప్పుకున్న హైకోర్టు తీర్పు ఏదైనా ఉంటే చెప్పగలరా?