గాగమేలా యుద్ధం బల్ల మీద ఆడాలి: మాసిడోనియా, పర్షియా సైన్యాలు ఎట్ల తయారుచేసుకోవాలి?

తుంగభద్ర_గట్టు (కర్నూలు):

అన్నలకూ అక్కలకూ నమస్తే. ఇంటర్ చదివే మా అన్న కొడుకూ నేనూ కలిసి ఒక పని పెట్టుకున్నాం. క్రీ.పూ. 331లో అలెగ్జాండర్‌కీ మూడో డేరియస్‌కీ జరిగిన గాగమేలా యుద్ధాన్ని చిన్న బొమ్మలతో పేర్చి, అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి కాదు, పాచికలేసి నిజంగా ఆడాలని. గ్రీకు చరిత్రకారుడు అరియన్ రాసిన చరిత్ర ఇంగ్లిష్ అనువాదం ముందు పెట్టుకుని కూర్చున్నాం. చదివేకొద్దీ అనుమానాలు ఎక్కువవుతున్నాయి.

మొదటిది సైజు. 1/72 (అసలు మనిషిలో 72వ వంతు) ప్లాస్టిక్ బొమ్మలా, 15 మి.మీ. లోహం బొమ్మలా, 28 మి.మీ.వా? స్నేహితుడి దగ్గర 1/72 మాసిడోనియా పెట్టె ఒకటి చూశాను, బొమ్మలు బాగున్నాయి కానీ ఆ పొడవాటి ఈటెలన్నీ వంగిపోయి ఉన్నాయి. రెండోది, పర్షియన్ల బొమ్మలు ఎక్కడ చూసినా పాదాల దాకా అంగీ, వెదురు తడికలాంటి పెద్ద డాలు. డేరియస్ సైన్యం నిజంగా అట్లనే ఉండేదా? అరియన్ పది లక్షల కాల్బలం అంటాడు, అన్ని బొమ్మలు ఎవరు చేస్తారు, అసలు ఎన్ని చాలు? ఇంకొకటి, మా ఊరి ఎండకు యాక్రిలిక్ రంగు కుంచె మీదే గట్టిపడుతోంది, దానికేమన్నా మందుందా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

అనంత_కుంచె (అనంతపురం):

తమ్ముడూ, సైజు గురించి ఎక్కువ ఆలోచించొద్దు, 1/72 తీసుకో. ఒక పెట్టెలో నలభైకి అటూ ఇటూ కాల్బలం వస్తారు, 28 మి.మీ.లో అదే డబ్బుకు అందులో సగం కూడా రారు. ఫాలాంక్స్ అనేదానికి అందమంతా గుంపులోనే ఉంది, పదహారు వరుసల లోతున నిలబడే దళం అది, ఎంత బాగా రంగు వేసినా పన్నెండు బొమ్మలతో ఆ రూపం రాదు. జ్వెజ్దా, హాట్ కంపెనీలు ఈ సైజులో మాసిడోనియన్లనూ పర్షియన్లనూ చేశాయి, వెతికితే దొరుకుతాయి.

ఈటెల సంగతి. పెట్టెలో వచ్చినవాటిని వేడినీళ్ళలో ముంచి, సాపు చేసి, వెంటనే చల్లనీళ్ళలో వేస్తే నిటారుగా అవుతాయి. కానీ కొన్నాళ్ళకు మళ్ళీ వంగుతాయి. అందుకే నేను వాటిని కోసేసి కొత్తవి పెడతాను. సారిస్సా, అంటే ఆ పొడవాటి ఈటె, దాని పొడవు దగ్గర మాత్రం రాజీ పడొద్దు. ఆ కాలపు గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ లెక్కలో అన్నిటికంటే పెద్దది 12 మూరలు, అంటే సుమారు ఐదున్నర మీటర్లు. 1/72లో అది 76 మి.మీ., మనిషి బొమ్మకు మూడింతలు. చాలామంది చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉందని 50 మి.మీ.కు తగ్గిస్తారు, అట్ల తగ్గిస్తే మామూలు గ్రీకు ఈటెకూ దీనికీ తేడా ఏముంది? అలెగ్జాండర్ తండ్రి ఫిలిప్ తెచ్చిన మార్పంతా ఆ పొడవులోనే ఉంది. రెండు చేతులతో పట్టుకోవాలి కాబట్టే డాలు చిన్నదై, రెండడుగుల వెడల్పున మెడకు వేలాడింది.

పుల్లలకు వీధులు ఊడ్చే ప్లాస్టిక్ చీపుర్లు చూడు, బాగా సన్నగా ఉన్నవి ఏరుకో. వంచితే మళ్ళీ నిలబడతాయి, పిల్లల వేళ్ళకు గుచ్చుకోవు. స్టీలు తీగ ఇంకా సన్నగా, నిజానికి దగ్గరగా ఉంటుంది, అయితే కొస గుచ్చుకుంటుంది, జాగ్రత్త. బొమ్మ చేతిలో బెజ్జానికి సూది కాల్చి గుచ్చితే సరిపోతుంది, ఆ ప్లాస్టిక్ మెత్తనిది. ముందు వరుసవాళ్ళ ఈటెలను మరీ ముందుకు దించొద్దు, ఆటలో బొమ్మలు అతికించే ఎదుటి పలకను, అంటే బేస్‌ను ఆనించాల్సి వచ్చినప్పుడు అడ్డం పడతాయి. కొంచెం వాల్చి పెట్టు, వెనక వరుసలు నిటారుగా ఉండనీ.

రంగుకు ముందు బొమ్మలను సబ్బునీళ్ళతో కడగాలి, లేకపోతే పొరలు పొరలుగా లేచిపోతుంది. తర్వాత నీళ్ళు కలిపిన ఫెవికాల్ ఒక పూత, ఆరాక ప్రైమర్. ఎండకు మందు తడి పాలెట్. మూత ఉన్న టిఫిన్ డబ్బాలో తడి స్పాంజి పరిచి, దాని మీద బేకింగ్ పేపర్ వేసి, రంగు దాని మీద పెట్టుకో. మూత పెడితే మర్నాటికి కూడా పచ్చిగానే ఉంటుంది. స్ప్రే ప్రైమర్ మాత్రం ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామునే కొట్టాలి, పది దాటాక మన ఎండలో కొడితే గాలిలోనే ఆరిపోయి బొమ్మ మీద ఇసుక చల్లినట్టు పడుతుంది.

గండికోట_గుర్రం (కడప):

పర్షియన్ల గురించి అడిగినందుకు సంతోషం బాబూ, ఎందుకంటే ఈ ఆటలో అందరూ అలెగ్జాండర్ బొమ్మల మీదే ప్రాణం పెట్టి, అవతలి పక్షాన్ని ఏదో ఒక గుంపులాగా పూర్తిచేసేస్తారు. నాకు అది బాధగా ఉంటుంది.

నువ్వు చూసిన అంగీలు, తడిక డాళ్ళు పర్షియా రాజులు మొదటి డేరియస్, జర్‌క్సీస్ కాలం నాటివి. సూసాలో దొరికి ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో ఉన్న రంగు ఇటుకల విలుకాండ్రను చూసి ఆ బొమ్మలు చేస్తారు. జర్‌క్సీస్ గ్రీసు మీదికి వెళ్ళింది క్రీ.పూ. 480లో, గాగమేలా 331లో. మధ్య దాదాపు 150 ఏళ్ళు! అన్నేళ్ళు ఏ సైన్యం ఒకేలా ఉంటుంది చెప్పు. మూడో డేరియస్ నాటికి పర్షియా బలమంతా గుర్రపు దళంలో ఉంది, కాల్బలంలో గట్టివాళ్ళు గ్రీకు కిరాయి సైనికులు. కాబట్టి మీ పెట్టెల్లో ముందు కొనాల్సింది గుర్రాలు. కాళ్ళకు పైజామాలాంటి షరాయి, మోకాళ్ళదాకా చొక్కా, తలకూ గడ్డానికీ చుట్టిన మెత్తటి టోపీ, చేతిలో విసిరే బల్లెం, ఇదీ వేషం.

ఇంకో మంచి విషయం ఉంది. గాగమేలాలో పర్షియన్ల వరుస మనకు దళం దళంగా తెలుసు. డేరియస్ రాయించుకున్న వ్యూహపత్రం యుద్ధం తర్వాత దొరికిందని అలెగ్జాండర్ వెంట ఉన్న అరిస్టోబులస్ చెప్పాడు, దాన్నే అరియన్ ఎక్కించాడు. ఎడమ పక్క బాక్ట్రియా గుర్రాలు, వాళ్ళతో దాహేలు, అరకోసియావాళ్ళు. కుడి పక్క సిరియా, మెసొపొటేమియా, మీడియా వాళ్ళు, పార్థియన్లు, శకులు. నడుమ డేరియస్, ఆయన బంధువుల దళం, ఈటె కింది కొసకు బంగారు ఆపిల్ ఉన్న అంగరక్షకులు, మార్డియా విలుకాండ్రు, ఇంకా మన భారతీయులు. వాళ్ళ వెంట సింధునదికి పడమటి వైపు నుంచి పదిహేను ఏనుగులు వచ్చాయని కూడా రాశాడు. ఒక్క ఏనుగు బొమ్మయినా పెట్టండి, పిల్లవాడికి ఆ యుద్ధంలో మనవాళ్ళున్నారని చెప్పడానికి పనికొస్తుంది. కొడవలి రథాలు మొత్తం 200, ఎడమ వైపు 100, నడుమ 50, కుడి వైపు 50. మీ బల్ల మీద రెండు చాలు, ఒకటి తప్పకుండా ఎడమ వైపు ఉండాలి.

పది లక్షల లెక్క వదిలెయ్యండి. అంతమందికీ ఆ మైదానంలో నీళ్ళెక్కడివి, మేత ఎక్కడిది?

పెన్నా_పాచికలు (ప్రొద్దుటూరు):

పైన ఇద్దరూ చెప్పినవి బాగున్నాయి, అయితే లెక్క వేసుకోకుండా పెట్టెలు కొనొద్దు. గాగమేలాలో అలెగ్జాండర్ బలం అరియన్ ప్రకారం కాల్బలం 40,000, గుర్రాలు 7,000. వందమందికి ఒక బొమ్మ పెట్టుకున్నా ఒక్క వైపే 470 బొమ్మలు, అందులో 70 గుర్రాలు. రంగులు వేయడం పూర్తయ్యేసరికి మీ అన్న కొడుకు ఉద్యోగంలో చేరిపోతాడు.

అందుకే డీబీఏ అనే బల్ల మీది యుద్ధాల ఆట నియమాలతో మొదలుపెట్టమంటాను. ఒక్కో వైపు పన్నెండు బేసులు అంతే. 1/72కి 60 మి.మీ. వెడల్పు బేస్, ఫాలాంక్స్ బేస్ మీద నలుగురు, గుర్రపు దళం మీద ముగ్గురు, తేలిక బల్లేలవాళ్ళు ఇద్దరు. అంతా కలిపినా ఒక వైపు నలభై చిల్లర బొమ్మలకు మించదు. నాలుగు బేసులు పోగొట్టుకుని, ఎదుటివాడికంటే నీకే ఎక్కువ నష్టమైతే ఓడినట్టు. గంటలో ఆట అయిపోతుంది, మూడు నాలుగు అడుగుల బల్ల చాలు. బేసులు 3 మి.మీ. ఎం.డి.ఎఫ్.తో షీల్డులు, నేమ్ బోర్డులు చేసే లేజర్ కటింగ్ షాపులో కోయించుకోండి, కర్నూల్లో అట్లాంటివి ఉంటాయి.

ఇంకొక మాట, గాగమేలా కంటే ముందు క్రీ.పూ. 334లో అలెగ్జాండర్‌కీ పర్షియన్లకీ జరిగిన గ్రానికస్ నది యుద్ధం ఆడండి. నది ఒడ్డున పర్షియా గుర్రాలు, వాటి వెనక గ్రీకు కిరాయి సైనికులు, అంతే. పర్షియన్ల వైపు రకాలు తక్కువ, కాబట్టి రంగుల పని సులభం. మాసిడోనియన్లకు నది దాటాలన్న ఇబ్బంది ఉంది, కాబట్టి ఆట సమంగా ఉంటుంది. అక్కడే పర్షియా అధికారి స్పిత్రిడాటీస్ అలెగ్జాండర్ మీద కత్తి ఎత్తితే మాసిడోనియా సేనాని క్లైటస్ ఆ చేతిని నరికేశాడు. ఇంతకంటే మంచి ఘట్టం పిల్లవాడికి ఏం కావాలి.

గండికోట_గుర్రం (కడప):

పాచికలు గారూ, గ్రానికస్ ముందు ఆడమనడం నాకూ నచ్చింది, కానీ పన్నెండు బేసులకు కుదిస్తే గాగమేలా అసలు సంగతి పోతుంది. అలెగ్జాండర్ ఆ రోజు చుట్టుముట్టేస్తారని తెలిసే వెనక రెండో వరుస నిలబెట్టాడు. కుడి వైపుకు జరుగుతూ జరుగుతూ పర్షియా ఎడమ పక్కను సాగదీసి, ఖాళీ ఏర్పడగానే కంపానియన్ గుర్రాలను, అంటే తన మేటి రౌతుల దళాన్ని, మేకులాగా అందులోకి దించాడు. అదే సమయంలో ఎడమ పక్కన మాసిడోనియా సేనాని పార్మీనియన్‌ను పర్షియా సేనాని మజేయస్ నలిపేస్తున్నాడు, ఫాలాంక్స్ మధ్య సందులోంచి పర్షియా, భారతీయ గుర్రాలు దూరి సామాన్ల శిబిరం దాకా పోయాయి. ఈ మూడూ బల్ల మీద జరగాలంటే స్థలం కావాలి, ఒక్కో వైపు కనీసం రెండింతల బేసులు కావాలి. గ్రానికస్‌కు పన్నెండు, గాగమేలాకు ఇరవై నాలుగు అనుకోండి.

పెన్నా_పాచికలు (ప్రొద్దుటూరు):

ఒప్పుకుంటా మేడమ్. రెండు పన్నెండ్లు కలిపి పెద్ద ఆటగా ఆడే పద్ధతి ఎట్లాగూ ఉంది. చేసిన బొమ్మ ఏదీ వృథా పోదు, గ్రానికస్ కోసం చేసిన గుర్రాలే గాగమేలాలో ఒక పక్కకు పనికొస్తాయి.

తుంగభద్ర_గట్టు (కర్నూలు):

అందరికీ చాలా థ్యాంక్స్. ఇన్ని వివరాలు వస్తాయనుకోలేదు. గ్రానికస్‌తో మొదలుపెడతాం. 1/72 ఖాయం. వాడికి రథాల మీదే మోజు, అవి గ్రానికస్‌లో లేవని చెప్పి ఒప్పించాలి.

ఇంకా రెండే ప్రశ్నలు. కంపానియన్ల గుర్రాలకు రికాబులు ఉండాలా? నా దగ్గరున్న వేరే కాలం గుర్రాలు కొన్ని వాడొచ్చేమో అనుకుంటున్నా. రంగులు దేన్ని చూసి వేయాలి? ఇంటర్నెట్‌లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా వేశారు.

అనంత_కుంచె (అనంతపురం):

రికాబులు ఉండకూడదు. ఆ కాలంలో రికాబే లేదు, చెక్క చట్రం ఉన్న జీను కూడా లేదు. గుడ్డో తోలో పరిచి కూర్చునేవాళ్ళు, కాళ్ళు కిందికి వేలాడాలి. వేరే గుర్రాలు వాడతానంటే రికాబులు బ్లేడుతో చెక్కేసి, జీను మీద పలచగా పుట్టీ రాసి గుడ్డలాగా చెయ్యి. రౌతు కాళ్ళు ముడుచుకుని ఉంటే మాత్రం వదిలెయ్, అది ఎంత చెక్కినా కుదరదు.

గండికోట_గుర్రం (కడప):

రంగులకు రెండు ఆధారాలు చాలు. ఒకటి ఇటలీలోని పాంపేలో 1831లో బయటపడి ఇప్పుడు నేపుల్స్‌లో ఉన్న అలెగ్జాండర్ మొజాయిక్ (రంగురాళ్ళు పేర్చిన బొమ్మ), డేరియస్ రథం మీద నిలబడి ఉండేది. రెండోది 1887లో లెబనాన్‌లోని సైదాన్‌లో దొరికిన రాతి శవపేటిక, ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది, అలెగ్జాండర్ శవపేటిక అంటారు కానీ ఆయనది కాదు. దాని మీద రంగుల ఆనవాళ్ళు మిగిలాయి. పర్షియన్ల బట్టల మీద ఊదా, ఎరుపు, పసుపు, నీలం. ఒక మనిషి మీదే మూడు రంగులు ఉండొచ్చు, భయపడొద్దు. అందరికీ ఒకే యూనిఫాం వేస్తే మాత్రం తప్పు. మాసిడోనియా డాళ్ళకు కంచు రంగు, మీద సూర్యకిరణాల గుర్తు. ఆ గుర్తు చేత్తో వేయడం 1/72లో కష్టం, ముందు మధ్యలో చుక్క పెట్టి, నాలుగు దిక్కులకూ నాలుగు గీతలు, తర్వాత వాటి మధ్య మరో నాలుగు. దూరం నుంచి చూస్తే చాలు.

మొదట ఒక్క బాక్ట్రియా గుర్రపు బేసు పూర్తిచేసి ఫొటో పెట్టు బాబూ, మిగతా వాటికి రంగు వేసే ముందు చూసి చెబుతాను.