ఒంటరి మనిషికి రాత్రి పడక కాక, నిలకడగా ఉండే చోటు ఎక్కడైనా దొరుకుతుందా?

ప్రశ్న: సికింద్రాబాద్ దుకాణదారు

మా దుకాణం సికింద్రాబాద్ స్టేషన్‌కు దగ్గరలో ఉంది. దాదాపు రెండేళ్లుగా, యాభై అయిదేళ్లు ఉండవచ్చనిపించే ఒకాయన, మేము షట్టరు దించిన తరువాత మా అరుగు మీదే పడుకుంటున్నారు. పూర్వం పెళ్లిళ్లకు వంటమాస్టరుగా పనిచేశారు. ఇప్పటికీ ముహూర్తాలున్న రోజుల్లో ఎవరైనా పిలిస్తే వెళ్లి వస్తారు. మూఢమో ఆషాఢమో వస్తే మాత్రం లేబర్ అడ్డా మీద నిలబడవలసిందే. భార్య పోయాక ఊరితో సంబంధం తెగిపోయిందని ఒకసారి చెప్పారు, అంతకు మించి అడిగితే మాట మారుస్తారు. ఆధార్ కార్డు ఎక్కడో పోయింది, నంబరు గుర్తు లేదు.

నిరుడు చలికాలంలో నేనే నచ్చజెప్పి ఒక నైట్ షెల్టర్‌కు పంపాను. మూడో రోజుకే తిరిగి వచ్చేశారు. తెల్లవారగానే బయటికి పంపేస్తున్నారని, రెండో రాత్రి తన సంచి పోయిందని, తన గరిటెలన్నీ అందులోనే ఉన్నాయని చెప్పారు. ఈ మధ్య రాత్రిపూట తనలో తానే మాట్లాడుకోవడం కూడా గమనిస్తున్నాను. పక్క దుకాణం వారు పోలీసులకు చెప్పి తీసుకుపొమ్మందామంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. వృద్ధాశ్రమంలో అడిగితే అరవై నిండలేదన్నారు. ఇళ్ల పథకం గురించి అడిగితే కుటుంబ వివరాలు తెమ్మన్నారు. ఇలాంటి ఒంటరి మగమనిషికి ఒక గది ఇచ్చి, అప్పుడప్పుడు ఎవరైనా వచ్చి బాగోగులు చూసే ఏర్పాటు మన దగ్గర ఉందా?

జవాబు 1: మాజీ షెల్టర్ ఉద్యోగి

మీరు అడిగిన ‘గది’ మన నగరాల్లో ఇలాంటి వారికి దాదాపు లేదనే చెప్పాలి. అయితే షెల్టర్ అనేది మీ వంటమాస్టరుకు ఎదురైనట్లు రాత్రికి మాత్రమే పరిమితం కావలసినది కాదు. ఆహార హక్కు మీద 2001లో దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల తరువాత, 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్‌లో దీనికి విడిగా మార్గదర్శకాలు వచ్చాయి. వాటి ప్రకారం లక్ష పట్టణ జనాభాకు వంద మందికి సరిపడే ఒక షెల్టర్ ఉండాలి, అది ఏడాది పొడుగునా ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండాలి, ఒక్కొక్కరికి కనీసం 50 చదరపు అడుగుల చోటు ఉండాలి. వృద్ధులకు, మానసిక రుగ్మత ఉన్నవారికి, జబ్బు నుంచి కోలుకుంటున్న వారికి ప్రత్యేక షెల్టర్లు పెట్టవచ్చునని కూడా వాటిలో ఉంది. క్షేత్రంలో మాత్రం ఊడ్చి కడగాలనే సాకుతో పొద్దున్నే అందరినీ లేపి పంపేసే చోట్లను నేను స్వయంగా చూశాను, ఆ పని చేసినవారిలో ఒకప్పుడు నేనూ ఉన్నాను.

ఈసారి ఆయనను పంపకండి, వెంట వెళ్లండి. పగలు కూడా ఉండనిస్తారా, సామాను దాచుకోవడానికి తాళం వేసుకునే పెట్టె ఇస్తారా అని ఆయన ఎదుటే నిర్వాహకుడిని అడగండి. గుర్తింపు పొందిన ఆశ్రయ కేంద్రం అధిపతి ఇచ్చే ధ్రువపత్రం ఆధార్‌కు చిరునామా రుజువుగా చెల్లుతుంది. పాత ఆధార్ ఉంది కాబట్టి కొత్తది తీసుకోనవసరం లేదు. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలతో పాత నంబరును తిరిగి పొందవచ్చు, పొయ్యి దగ్గర పనిచేసినవారి వేలిముద్రలు సరిగా పడకపోవచ్చు కనుక కనుపాపతో ప్రయత్నించమనండి. బ్యాంకు ఖాతా తరువాతి మెట్టు. చేతిలో నగదు ఉన్న మనిషి ఫుట్‌పాత్ మీద కంటినిండా నిద్రపోలేడు.

జవాబు 2: సైకియాట్రిక్ సోషల్ వర్కర్, విశాఖపట్నం

తనలో తాను మాట్లాడుకోవడం ఒక్కటే జబ్బు కాదండీ. రెండేళ్లుగా పలకరించేవారు తక్కువైన మనిషి తనతో తాను మాట్లాడుకోవడంలో వింత లేదు. తిండి మానేయడం, ఎవరో వెంటాడుతున్నారని భయపడటం, ఒంటి మీది శుభ్రత పూర్తిగా వదిలేయడం వంటివి తోడైతే ఆలోచించాలి. అప్పుడు కూడా ముందుగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అయిన టెలి మానస్‌కు (14416) ఫోన్ చేసి తెలుగులోనే సలహా తీసుకోవచ్చు.

పోలీసుల విషయంలో పక్క దుకాణం వారికి ఒక మాట చెప్పండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 100వ సెక్షన్ ప్రకారం, మానసిక రుగ్మతతో తిరుగుతూ తన బాగోగులు తాను చూసుకోలేని స్థితిలో ఉన్న వ్యక్తిని పోలీసులు రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోగా దగ్గరలోని ప్రభుత్వ వైద్య సంస్థకు చేర్చాలి, లాకప్‌లో ఉంచకూడదు. అది రోగికి రక్షణ కోసమే తప్ప, అరుగు ఖాళీ చేయించడం కోసం కాదు. మీరు చెప్పిన మనిషి పనికి వెళ్లి సంపాదించుకుంటున్నారు.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తే, కుటుంబం లేదన్న ఒక్క కారణంతో ఎవరినీ మానసిక ఆసుపత్రిలోనే ఉంచేయకూడదని అదే చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. దీన్ని ఆచరణలో చూడాలంటే చెన్నైకి వెళ్లాలి. అక్కడ 1993లో మొదలైన ది బన్యన్ సంస్థ, 2015 నుంచి ‘హోమ్ అగైన్’ పేరిట, మామూలు వీధుల్లో ఇళ్లు అద్దెకు తీసుకుని, ఆసుపత్రి నుంచి బయటికి వచ్చిన నలుగురైదుగురిని ఒక్కో ఇంట్లో ఉంచుతోంది. తోడుగా ఒక సహాయకురాలు ఉంటారు. ఏం వండుకోవాలో, ఎప్పుడు బజారుకు వెళ్లాలో ఆ ఇంట్లో వాళ్లే నిర్ణయించుకుంటారు. అయితే అది తీవ్రమైన మానసిక రుగ్మత ఉన్నవారి కోసం పుట్టిన ఏర్పాటు. మీ వంటమాస్టరు లాగా ఆరోగ్యంగా ఉండి, ఒంటరిగా మాత్రమే ఉన్న మనిషికి ఇలాంటి ఇల్లు ఇవ్వాలంటే ఆయన ముందు రోగి కావాలి, అది నాకు చాలా కష్టం కలిగించే సంగతి.

జవాబు 3: బర్మింగ్‌హామ్ నుంచి

ఇక్కడ ఇలాంటి ఇళ్లు ఉన్నాయి, కానీ ఇంగ్లండ్‌లో కూడా ఒంటరి వారు వరుసలో వెనుకే ఉంటారు. పిల్లలున్న వారికి, గర్భిణులకు, అనారోగ్యం వంటి కారణాలతో బాగా బలహీనంగా ఉన్నవారికి నివాసం చూపే పూర్తి బాధ్యత స్థానిక కౌన్సిల్‌ది. మిగిలిన వారికి, 2018 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం, సాధారణంగా 56 రోజుల పాటు ఇల్లు వెతుక్కోవడంలో సాయం మాత్రం చేయాలి. అందుకే చాలామంది ఒంటరి వారు సపోర్టెడ్ హౌసింగ్‌కు చేరుతారు. సొంత గది, వారానికి కొన్నిసార్లు వచ్చే కార్యకర్త, ప్రభుత్వ భత్యం నుంచి అద్దె ఉంటాయి. పేరుకు మాత్రమే సాయం చూపించి ఎక్కువ అద్దె రాబట్టే యజమానులు మా ఊళ్లోనే ఎంతగా పెరిగారంటే, నియంత్రణ కోసం 2023లో ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. గది దొరికినా, వారానికి ఎన్ని గంటలు ఎవరు వస్తారో ముందే అడిగి తెలుసుకోండి.

ప్రశ్నించినవారి ప్రత్యుత్తరం

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి ఆయనతో కూర్చుని మాట్లాడాను. పోలీసుల మాట నేను ఎత్తలేదు. ముందు ఆధార్ కేంద్రానికి వెళ్దామంటే ఒప్పుకున్నారు. షెల్టర్ అనగానే మొదట మౌనంగా ఉండిపోయారు. కాసేపటికి, ‘తాళం చెవి నా దగ్గర ఉంటుందా, వాళ్ల దగ్గర ఉంటుందా’ అని అడిగారు. అదే ప్రశ్న నిర్వాహకుడిని అడగడానికి సోమవారం ఉదయం ఇద్దరం కలిసి వెళ్తున్నాము.