కంపెనీ మీద కోపంతో కేటీ (మన పని వివరాలు మిగతావాళ్లకు అప్పగించడం) ఇవ్వకుండా వెళ్లిపోవడం న్యాయమేనా?

గచ్చిబౌలి, సపోర్ట్ టీమ్:
మా టీమ్‌లో ఒకతను పోయిన శుక్రవారం రిలీవ్ అయ్యాడు. 90 రోజుల నోటీసులో కేటీ డాక్యుమెంట్‌లో రాసింది నాలుగు లైన్లు. అడిగితే, "రెండేళ్లు హైక్ ఇవ్వలేదు, నేనెందుకు ఇవ్వాలి" అన్నాడు. హైక్ ఇవ్వని మాట నిజమే. కానీ శనివారం రాత్రి రెండున్నరకు బ్యాచ్ జాబ్ (దానంతటదే నడిచే ప్రోగ్రామ్) ఫెయిలైతే ఫోన్ మోగింది మా టీమ్ అమ్మాయికి. ఐదు నెలల పాపను ఒళ్లో వేసుకుని, ఒంటి చేత్తో టైప్ చేస్తూ తెల్లారేదాకా లాగ్స్ వెతికింది. పాస్‌వర్డ్ ఎక్కడుందో తెలిసిన ఆయన ఫోన్ ఎత్తలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం కాదా ఇది?

మియాపూర్ నుంచి:
ఆ అమ్మాయి కష్టం చదివితే బాధేసింది. కానీ అన్నా, ఒక్కడికే తెలిసిన పనిని రెండేళ్లు అలాగే వదిలేసింది ఎవరు? "టీమ్ కోసం" అనే మాటతోనే మన రాత్రులు ఉచితంగా తీసుకుంటారు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత లెక్కల మోసం ఒప్పుకున్నప్పుడు, అక్కడ రాత్రింబవళ్లు పనిచేసిన వేలాదిమంది దిక్కుతోచక నిలబడ్డారు. ఆ రోజు నుంచి ఏ కంపెనీనీ నాదనుకోలేదు.

గచ్చిబౌలి:
ఆ నెల నేను అమీర్‌పేట హాస్టల్లో ఉద్యోగం వెతుక్కుంటున్నా. ఇంటర్వ్యూలు ఆగిపోయాయి. నా రెజ్యూమె పట్టుకుని తమ ఆఫీసుల్లో అడిగింది హాస్టల్ సీనియర్లు. అందుకే కంపెనీ మారినా మనుషులు మిగులుతారని నమ్ముతా.

ఉప్పల్, టీమ్ లీడ్:
మా దగ్గర ఇద్దరు మానేస్తే మొదటి నెల మేమే సర్దుకున్నాం. పని ఆగలేదు కాబట్టి కొత్తవాళ్లను తీసుకోలేదు. మన మంచితనమే ఖాళీని కప్పేసింది. తర్వాత ఐదుగురం కలిసి ఒకే మెయిల్ పెట్టాం: ఈ రెండు అప్లికేషన్లకు రాత్రి సపోర్ట్ చేయలేం అని. మేనేజర్ బాగా కోప్పడ్డారు. ఆరు వారాలకు మనిషి వచ్చాడు. అందులో ఒక్కరు వెనక్కి తగ్గినా మిగతా నలుగురూ ఇరుక్కునేవాళ్లు.

గచ్చిబౌలి:
ఇది నాకు తట్టలేదు. ఆ అమ్మాయికి సాయం చేస్తున్నాననుకుంటూ ఆదివారం షిఫ్ట్ నేనే తీసుకున్నా. రేపు మా ముగ్గురి పేర్లతో మెయిల్ పెడతా, మొదటి పేరు నాదే. వెళ్లిపోయిన ఆయన విషయంలో మాత్రం నా మాట మారదు. పాస్‌వర్డ్ ఏ ఫోల్డర్‌లో ఉందో ఒక్క వాట్సాప్ మెసేజ్ పెడితే ఆ పాప ఆ రాత్రి నిద్రపోయేది.