తలనొప్పిలో ఉబ్బేది ఏ నరం? "నరం", "రక్తం అందకపోవడం" అన్న మాటల మీద చర్చ

ప్రశ్న

మైగ్రేన్ ఉన్నవారి మెదడులో రక్తప్రవాహాన్ని చిత్రించే పరీక్షల గురించి, ఆ బాధ పడేవారే చదివి అర్థం చేసుకునేలా తెలుగులో ఒక వివరణ రాస్తున్నాను. నొప్పికి ముందు కొందరికి కళ్ల ఎదుట మెరుపుగీతలు, చూపులో ఖాళీలు కనిపిస్తాయి. వైద్యులు ఔరా అని పిలిచే ఈ దశను వివరిస్తూ ఇలా రాశాను: "ఈ దశలో మెదడు వెనుక భాగానికి రక్తం అందదు, ఆ తరువాత తలలోని నరాలు ఉబ్బడంతో నొప్పి మొదలవుతుంది." 20 ఏళ్లుగా మైగ్రేన్‌తో బాధపడుతున్న మా అక్క ఈ వాక్యాన్ని చదివి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "అంటే నొప్పి వచ్చిన ప్రతిసారీ నేను పక్షవాతం అంచుదాకా వెళ్లి వస్తున్నానా?" అని అడిగింది. ధైర్యం చెప్పడానికి రాసిన వాక్యం భయపెట్టింది. తప్పు నా శాస్త్రంలో ఉందా, నా తెలుగులో ఉందా అన్నది పెద్దలు చెప్పాలని కోరుతున్నాను.

మొదటి జవాబు

నమస్కారం. మెదడు చిత్రాలు తీసే విభాగంలో పనిచేస్తున్నాను గనుక ముందుగా రాస్తున్నాను. మీ వాక్యంలో తప్పు రెండు చోట్లా ఉంది. నాకు ఎక్కువ బాధ కలిగించినది "అందదు" అన్న క్రియ. అందడం, అందకపోవడం అన్నవి ఎదురెదురు గట్లు. "అందదు" అన్నాక ఎంతో కొంత అందుతోందన్న అర్థానికి చోటు మిగలదు. పక్షవాతాన్ని వివరించేటప్పుడు మేము వాడేదీ ఇదే మాట కాబట్టి, మీ అక్కగారు దాన్ని ఆ అర్థంలోనే తీసుకోవడం సహజం.

కొలతలు చెప్పేది వేరు. ఆరోగ్యవంతుల మెదడులో ప్రతి 100 గ్రాముల కణజాలానికీ నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం ప్రవహిస్తుంది. అది 20 దరిదాపులకు పడిపోతే కణాల పని దెబ్బతింటుంది. ఇంకా కిందికి జారి, అక్కడే కొంతసేపు నిలిచిపోతే కణాలు చనిపోతాయి. ఔరా సమయంలో కనిపించే తగ్గుదల చాలా కొలతల్లో 20 నుంచి 35 శాతం దాకా ఉంటుంది. అంటే ప్రవాహం సన్నగిల్లిందే తప్ప ఆగలేదు. ఔరాతో వచ్చే మైగ్రేన్ ఉన్నవారిలో పక్షవాతం ముప్పు కొద్దిగా ఎక్కువన్నది నిజమే, దాన్ని దాచనవసరం లేదు. అయితే అది వేరే విషయం. ప్రతి ఔరా ఒక పక్షవాతపు ప్రయత్నం కాదు.

"రక్తం తగ్గుతుంది" అని దిద్దుదామా అంటే అక్కడ మరో గుంట ఉంది. తెలుగులో "రక్తం తగ్గింది" అనగానే ఎవరికైనా రక్తహీనతే తోస్తుంది, చదివినవారు ఇనుము మాత్రలు వేసుకోవడం మొదలుపెడతారు. తగ్గినది రక్తం కాదు, దాని ప్రవాహం. అందువల్ల "రక్తప్రవాహం కొంత తగ్గుతుంది" అని ప్రవాహం అన్న మాటను తప్పకుండా ఉంచండి. ఆ "కొంత"ను కూడా తీసేయకండి, ఈ వాక్యంలో అన్నిటికంటే ఎక్కువ పని చేసేది అదే.

రెండో జవాబు

నాది వైద్యం కాదు, నిఘంటువుల పని. "నరాలు ఉబ్బడం" దగ్గర ఆగిపోయాను.

మన వాడుకలో "నరం" ఎన్ని అవతారాలు ఎత్తుతుందో చూడండి. "సూది వేయడానికి నరం దొరకలేదు" అన్నప్పుడు అది సిర. "మెదడులో నరం చిట్లింది" అంటే ధమని. "నరాల బలహీనత" అన్నప్పుడు సంకేతాలను మోసే నాడి. "మెడ నరం పట్టేసింది" అన్నప్పుడు చాలాసార్లు అది కండరమో, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువో. "నరం లేని నాలుక" అన్న నానుడిలో నరానికి ఈ నాలుగింటిలో ఏదీ అతకదు; అక్కడ అది బిగువుకూ కట్టుబాటుకూ గుర్తు. తమిళంలో దీని తోబుట్టువైన "నరంబు" ప్రాచీన సాహిత్యంలో యాళ్ వాద్యపు తంతికి కూడా పేరు. శరీరంలో తాడులా, తీగలా సాగి ఉన్న దేన్నైనా మన భాష ఒకే మాటతో పిలిచిందన్నమాట. దీన్ని అజ్ఞానంగా చూడకూడదు, ఎందుకంటే "న్యూరాలజీ"కి మూలమైన గ్రీకు మాట కూడా మొదట స్నాయువునే సూచించింది. సంస్కృతం నుంచి తెచ్చుకున్న "నాడి" పరిస్థితీ ఇంతే: "నాడి చూడండి" అంటే ధమని కొట్టుకోవడం, "నాడీమండలం" అంటే నరాల వ్యవస్థ.

మామూలు మాటల్లో ఈ కలగలుపు వల్ల నష్టమేమీ లేదు. మైగ్రేన్ విషయంలో మాత్రం శాస్త్రం దశాబ్దాల పాటు వాదించుకున్న ప్రశ్నే అది: నొప్పికి మూలం రక్తనాళమా, నాడా? ఆ రెంటినీ ఒకే మాటలో దాచేసే భాషలో ఆ చర్చను రాయాలంటే ముందు మాటను విడదీయక తప్పదు. మీ వాక్యంలో "నరాలు ఉబ్బడం" అంటే రక్తనాళాలు వెడల్పు కావడమేనా? అయితే శాస్త్రం ఈనాటికీ అలాగే చెబుతోందా? దీన్ని మొదటి జవాబు రాసినవారు తేల్చాలి.

మొదటి జవాబు రాసినవారు

మంచి చోట ఆపారు. ఆ వాక్యం ఒక కాలపు శాస్త్రం. 1938లో గ్రాహం, వోల్ఫ్ అనే వైద్యులు రక్తనాళాలను ముడిచే ఎర్గోటమిన్ అనే మందు ఇచ్చినప్పుడు కణత ధమని కొట్టుకునే ఉధృతి తగ్గడాన్నీ, దానితోపాటు నొప్పి తగ్గడాన్నీ నమోదు చేశారు. దాని నుంచి, మొదట నాళాలు ముడుచుకుని ఔరా వస్తుందనీ, తరువాత అవి ఉబ్బి నొప్పి వస్తుందనీ ఒక చక్కని కథ ఏర్పడింది. కణత దగ్గర ఉబ్బి కొట్టుకునే "నరం" ప్రతి రోగికీ వేలికి తగులుతుంది కాబట్టి ఆ కథను అందరూ సులువుగా నమ్మారు.

రక్తప్రవాహాన్ని కొలవగలిగాక ఆ కథ నిలవలేదు. 1981లో కోపెన్‌హాగన్‌లో ఒలెసెన్, లార్సెన్, లారిట్‌సెన్ జినాన్-133 అనే రేడియోధార్మిక వాయువును కంఠధమనిలోకి పంపి, ఔరా నడుస్తుండగానే మెదడులో ప్రవాహాన్ని కొలిచారు. ప్రవాహం తగ్గిన ప్రాంతం మెదడు వెనుక మొదలై, నిమిషానికి సుమారు 2 మిల్లీమీటర్ల వేగంతో ముందుకు పాకింది. ఈ పాకడంలో నాకు ఎప్పటికీ తీరని ఆశ్చర్యం ఒకటుంది. ఏ ధమనో ముడుచుకుంటే ఆ ధమని నీరు పెట్టే మడి అంతా ఒక్కసారిగా ఎండాలి. ఇక్కడ అలా జరగలేదు. తగ్గుదల ఒక ధమని మడి గట్టు దాటి పక్క ధమని మడిలోకి, గట్టే లేనట్టు సాగిపోయింది. అంటే అది నాళాల దారిలో నడవడం లేదు, మెదడు పైపొర దారిలో నడుస్తోంది.

ఆ వేగం కూడా అంతకుముందే పరిచయమైనది. లాష్లీ అనే మనస్తత్వవేత్త తన చూపులో పెరుగుతూ వచ్చిన ఖాళీని తానే గీసుకుని, దాని వెనుక మెదడులో కదిలేది నిమిషానికి 3 మిల్లీమీటర్ల వేగంతో పోతోందని 1941లో లెక్కకట్టాడు. 1944లో లియావ్ అనే బ్రెజిల్ శాస్త్రవేత్త కుందేళ్ల మెదడులో విద్యుత్ చలనం అణగారిపోయే ఒక అల అలాగే నెమ్మదిగా పాకడాన్ని చూశాడు. 2001లో హాజీఖానీ బృందం, మెదడు పనిచేస్తుండగా చిత్రించే ఫంక్షనల్ ఎంఆర్‌ఐతో మనుషుల్లో ఔరాను వెంబడించినప్పుడు, నిమిషానికి సుమారు 3.5 మిల్లీమీటర్లు వచ్చింది. ముందు కదిలేది నాడీకణాల అల, రక్తప్రవాహం దాని వెంట నడుస్తుంది.

ఇక "తరువాత ఉబ్బడంతో" అన్న భాగం. 1990లో ఒలెసెన్ బృందం అనేక మంది కొలతలను కాలక్రమంలో పేర్చి చూస్తే, ప్రవాహం ఇంకా తక్కువగా ఉన్న సమయంలోనే నొప్పి మొదలైంది. ప్రవాహం పెరగడం ఆ తరువాత ఎప్పుడో వచ్చింది. 2013లో వెలువడిన ఒక ఎంఆర్‌ఐ అధ్యయనంలో, ఔరా లేని మైగ్రేన్ నొప్పి వేళ పుర్రె బయటి ధమనులు గణనీయంగా వెడల్పు కాలేదు. కాబట్టి "ఉబ్బడంతో" అన్న కారణార్థాన్ని ఈ రోజు రాయడం కుదరదు.

మూడో జవాబు

చిన్న హెచ్చరిక. లియావ్ చూసిన అలకు ఇంగ్లీషులో ఉన్న "స్ప్రెడింగ్ డిప్రెషన్" అన్న పేరును కొందరు "వ్యాపించే కుంగుబాటు" అని అనువదిస్తున్నారు. అది మనసు కుంగుబాటుకు స్థిరపడిన మాట గనుక, మైగ్రేన్ వారికి మనోవ్యాధి అంటగట్టినట్టు అవుతుంది. "పాకే మందగింపు" అంటే నాకు సరిపోయినట్టుంది.

మరొకటి, "రక్తప్రసరణ" అన్న మాటను అన్ని పరీక్షలకూ వాడేయకండి. తల మీద పెట్టే డాప్లర్ పరీక్ష కొలిచేది పెద్ద ధమనిలో రక్తపు వేగాన్ని. నాళం సన్నబడినా వేగం పెరగవచ్చు కనుక దాన్ని బట్టి ప్రవాహం పెరిగిందనలేము. ఫంక్షనల్ ఎంఆర్‌ఐ సంకేతం ప్రధానంగా ఆక్సిజన్ వదిలేసిన హీమోగ్లోబిన్ పరిమాణాన్ని బట్టి మారుతుంది. ప్రవాహాన్నే నేరుగా లెక్కకట్టేవి జినాన్, ఆక్సిజన్-15 నీటితో చేసే పెట్ స్కాన్, ఏ మందూ ఎక్కించకుండా మెడ దగ్గర రక్తంలోని నీటికే అయస్కాంత గుర్తు వేసి మెదడులో ఆ గుర్తును వెతికే ఎంఆర్‌ఐ పద్ధతి. వేగం, ప్రవాహం, ఆక్సిజన్ అన్న మూడు మాటలూ తెలుగులో ఉన్నవే, మూడింటినీ విడివిడిగా వాడుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. "నరం" అన్న మాటను తీసేసి రక్తం ఉన్నచోట "రక్తనాళం" అనీ, సంకేతం ఉన్నచోట "నాడి" అనీ రాస్తున్నాను. మైగ్రేన్‌కు తెలుగులో ఉన్న "పార్శ్వపు నొప్పి", అంటే ఒక పక్క నొప్పి, అన్న పేరును మాత్రం ఉంచుతాను. కొందరికి రెండు వైపులా వచ్చే మాట నిజమే, కానీ "మైగ్రేన్" కూడా "సగం తల" అన్న గ్రీకు మాట నుంచే వచ్చింది. చరక, సుశ్రుత సంహితలు ఈ నొప్పికి పెట్టిన "అర్ధావభేదకం" అన్న పేరులోనూ ఆ సగమే ఉంది. నొప్పి పేరు రోగి అనుభవాన్ని చెప్పవచ్చు, కారణాన్ని చెప్పే వాక్యం మాత్రం కొలతకు కట్టుబడాలి.

దిద్దిన వాక్యం ఇది: "ఔరా దశలో మెదడు పైపొర మీద నాడీకణాల చలనం మందగించే అల ఒకటి వెనుక నుంచి ముందుకు నెమ్మదిగా పాకుతుంది; దాని వెంట అక్కడి రక్తప్రవాహం కొంతసేపు కొంత తగ్గి, మళ్లీ మామూలవుతుంది. నొప్పి, ప్రవాహం ఇంకా తగ్గి ఉన్నప్పుడే మొదలుకావచ్చు." దీని కింద, మైగ్రేన్‌ను వైద్యులు లక్షణాలను విని నిర్ధారిస్తారనీ, ఈ చిత్రాలు ప్రధానంగా పరిశోధన కోసమనీ ఒక మాట చేర్చాను. మా అక్క దాన్ని రెండుసార్లు చదివి, "మళ్లీ మామూలవుతుంది" అన్న మాట కింద గీత గీసి ఇచ్చింది.